ముప్పై ఏళ్ల పుస్తకం

కందకంలో పడ్డ దూడ ఇంకా కొనఊపిరితో ఉంది. హుంగే కొంగు బిగించి లోపలికి దూకింది. దాని మెడ కింద చేతులు పెట్టి లేపబోయింది. అడవిబర్రె దూడ, ఒక్క మనిషికి లేచే బరువు కాదు. ముందుకాలు విరిగి వేలాడుతోంది. "లేవే తల్లీ, లే" అని బతిమాలుతుండగానే దూడ కళ్లు తేలేసింది. అప్పుడే గట్టు మీద జీపు ఆగింది.

"దొరికింది! మాంసం కోసం దూడను చంపింది!" అని కేకేశాడు అడవి ఆఫీసు పనులు గుత్తకు పట్టిన ఠేకేదారు. జేసీబీతో ఆ కందకం తవ్వించింది వాడే. తవ్విన చోట ఒక్క కొమ్మ కూడా అడ్డం పెట్టకుండా పోయింది కూడా వాడే.

ఇంద్రావతి ఒడ్డున, భోపాల్‌పట్నానికి ఒక రోజు నడక దూరంలో ఉంది హుంగే ఊరు. ఎండలు ముదిరాయంటే అక్కడ ఎవరూ మడుగు దిక్కు పోరు. అది అడవిబర్రెలు దూడలతో దిగే చోటు. తొలివాన దాకా ఊరివాళ్లు తమ పశువులను ఏరు దాటించి మేపుతారు, తాము ఇసుకలో చెలమలు తోడుకుని తాగుతారు. ఈ కట్టుబాటు వల్లే ఆ అడవిలో పదకొండు బర్రెలు మిగిలాయి. అందుకు ఏ సర్కారూ శాలువా కప్పలేదు. పోయినేడు బర్రెలను లెక్కపెట్టే సర్వేకొచ్చిన సార్లు పన్నెండు రోజులు తిరిగినా వాళ్లకు తోక కూడా కనబడలేదు. చెప్పులు తెగి, పెదాలు పగిలిన వాళ్లను చూసి హుంగేకు జాలేసింది. కట్టుబాటు తప్పి మడుగు చూపించింది. వాళ్లు పొంగిపోయి మ్యాపు మీద మడుగు చుట్టూ బర్రెల జాగా అని గీత గీశారు. ఊరు ఆ గీత లోపల పడింది.

మధ్యాహ్నానికి అడవి ఆఫీసు నుంచి పెద్దసాబు వచ్చాడు, వెంట పోలీసులు. ఊరంతా కందకం గట్టు మీద పోగైంది.

"ఇది అడవిబర్రెలను పెంచే ముప్పై ఏళ్ల ప్రణాళిక," అన్నాడు సాబు, చేతిలోని లావు పుస్తకం చూపించి. "పదకొండును రెండొందలు చేయాలి. మీ పశువుల రోగాలు వాటికి అంటుతాయి. అందుకే కందకం, అందుకే మీరు ఖాళీ చేయాలి. ఊరొదులుతామని ఈ కాగితం మీద దస్కత్ పెట్టండి. మిగిలిన మంద మడుగు వదిలి ఎటు పోయిందో చూపించండి. అప్పుడు ఈమె మీద కేసుండదు."

హుంగే తోడికోడలు నందే ముందుగా లేచింది. "పెట్టుండ్రి! లేకుంటే ఏండ్లకేండ్లు జైల్ల ఏస్తరు. అయినా మడుగు సూపెట్టిందెవలు? నువ్వు గాదా అక్కా? నీ జాలే మా కొంప ముంచింది!"

అబద్ధమైతే హుంగే తిట్టిపోసేది. కానీ అది నిజం.

"సాబ్, రోగాల సంగతి మాకు తెల్వదా?" అన్నాడు ఊరి పటేల్ ఉంగ. "అందుకే గదా పశువులను ఏరు దాటిస్తం. మా పశువులకు రోగం రాకుండ సూదులేయించుండ్రి, ఈ కందకం పూడ్చుండ్రి. ఈడ్నే ఉండి మేం కాస్తం."

"కాయడానికి నిపుణులున్నారు."

"నిపుణులు తవ్విన గుంతల పడే గదా దూడ సచ్చింది!" వెనక నుంచి ఎవరో అరిచారు. గుంపు ముందుకు జరిగింది. పోలీసులు లాఠీలు అడ్డం పెట్టారు.

భోపాల్‌పట్నంలో చదివొచ్చిన దుర్గేశ్ వైపు తిరిగింది హుంగే. "ఆ పుస్తకంల మన ఊరు యాడుందో సూడు బిడ్డా."

దుర్గేశ్ సాబు చేతిలోని పుస్తకం అందుకుని పేజీలు తిప్పాడు, మ్యాపు మీద వేలు పెట్టి ఆగిపోయాడు. "ఊరు లేదు పెద్దమ్మా. మన ఇండ్ల జాగల గడ్డి మైదానం అని రాసిండ్రు."

బతికున్న మనుషులను కాగితం మీద గడ్డి చేసేశారు.

"తప్పు నాదే," అంది హుంగే. "దానికి ఊరు ఏ శిక్షేసినా పడత. ఒక్కపాలి సూపెట్టి ఇంత జేసిన. మళ్ల సూపెట్ట. నన్ను తీస్కపోండ్రి."

సాబు గుంపు వైపు చూశాడు. "మీలో ఎవరైనా చెప్పండి. మంద ఎటు పోయింది?"

అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

"తెల్వదు," అన్నాడు ఉంగ.

"తెల్వదు," అన్నాడు దుర్గేశ్. ఆ మాట గట్టు పొడుగునా పాకింది. సాబు చివరికి నందే ముందు ఆగాడు. ఆమె హుంగే వంక చూసింది.

"తెల్వదు సాబ్."

హుంగేను జీపులోకి తోశారు. జీపు దుమ్ము లేపుకుంటూ కదిలింది. ఆ దుమ్ములోంచి హుంగే వెనక్కి చూసింది. నందే పార అందుకుని కందకంలోకి మన్ను తోస్తోంది. ఆమె పక్కన ఉంగ, అతని పక్కన ముసలీ ముతకా, పారల్లేనివాళ్లు చేతులతో తోస్తున్నారు. జేసీబీ మీదికెక్కి ఠేకేదారు అరుస్తున్నాడు. ఎవరూ తలెత్తి చూడలేదు.