బ్రిజిడ్ వృత్తి

"ఫోను కాస్త పైకెత్తమ్మా ధరణీ, పొయ్యి ఏ మూలనుందో కనబడ్డంలేదు" అన్నారు మా అత్తగారు, కాకినాడ నుంచి. మేముంటున్న ఐర్లండ్ ఊరు డ్రోహెడాలో అమ్మకానికొచ్చిన పదమూడో ఇల్లది. ఒక చేతిలో వీడియో కాల్, ఇంకో చేతిలో దిక్సూచి, వెనక్కి వెనక్కి నడుస్తున్నాను. మా ఆయన త్రినాథ్ బయట కారు పట్టే చోటు కొలుచుకుంటున్నాడు. ఇంతకుముందు చూసిన పన్నెండు ఇళ్లూ ఆవిడ వాస్తుకి ఆగలేదు. అన్నీ వెతికిందీ, ఏజెంట్లకి ఫోన్లు చేసిందీ, తిప్పి చూపించిందీ నేనే. "నీకు నచ్చిందా?" అని అడిగిన పాపాన ఒక్కళ్లూ పోలేదు. ఫోను వెనకాల ఉండేదాన్ని కదా, నా మొహమైనా కనబడదు.

"తూర్పు వాకిలి, ఆగ్నేయంలో పొయ్యి! ఇంకేం కావాలే? తీసేసుకోమను అబ్బాయిని."

నాకూ నచ్చిందా ఇల్లు. వంటింటి కిటికీ ముందు నేల రాయి అరిగి గుంట పడింది. నేను అక్కడే నిలబడిపోవడం చూసి, ఇల్లు చూపించే ముసలాయన నవ్వాడు. "నూరేళ్లు దాటిన ఇల్లమ్మా. పందొమ్మిది వందల పదకొండు జనాభా లెక్కలు ఆన్‌లైన్లో ఉన్నాయి. వీధి పేరు కొట్టి చూడు, ఎవరున్నారో తెలుస్తుంది" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం బట్టలు మెషీన్లో తిరుగుతుంటే చూశాను. చేత్తో నింపిన కాగితమే ఉంది. యజమాని, రేవు కూలీ. అద్దెకున్నాయన, చెప్పులు కుట్టేవాడు. యజమాని భార్య బ్రిజిడ్, ముప్పై ఎనిమిదేళ్లు. పెళ్లయి పదహారేళ్లు, కన్నది తొమ్మిది మందిని, బతికున్నది ఆరుగురు. వృత్తి అన్నచోట ఖాళీ. ఇంటిపని మాత్రమే చేసే ఆడవాళ్లకి అక్కడ ఏమీ రాయొద్దని ఆ రోజుల్లో ఫారం వెనకే అచ్చేశారట. అంతమందికి వండి వార్చి, ఉతికి, ఆ రాయి అరిగేదాకా నిలబడ్డ మనిషికి పనే లేదట! ఒళ్లు మండిపోయింది.

ఎవరికైనా చెప్పాలనిపించింది. ఎవరికి చెప్పను? ఒకప్పుడు కాకినాడలో ఎనిమిదేళ్లు కెమిస్ట్రీ పాఠాలు చెప్పినదాన్ని. ఇక్కడికొచ్చి ఆరేళ్లు. స్కూలు గేటు దగ్గర నేను హాసిని వాళ్ల మామ్‌ని, తెలుగువాళ్ల పార్టీల్లో త్రినాథ్ గారి మిసెస్‌ని. నన్ను పేరుపెట్టి పిలిచేది మా అత్తగారొక్కరే, అదీ ఫోను పైకెత్తమనడానికి. కొన్ని రోజులు స్నానాల గదిలో నా పేరు నేనే పైకి అనుకుంటాను, చెవిన పడుతుందని. మొన్న హాసిని తలుపు కొట్టి "హూ ఆర్ యూ టాకింగ్ టు, మామ్?" అంది. "ఎవరితోనూ కాదు" అన్నాను. నిజమే చెప్పాను.

ఏజెంటు అడిగిన ఫారం ఆ సాయంత్రంలోగా పంపాలి. కొనేవారి పేర్లు, వాళ్ల వృత్తి. మా ఇంట్లో ఏ ఫారమైనా నింపేది నేను, సంతకం పెట్టేది ఆయన.

"రెండు పేర్లు రాయనా?" అని అడిగాను.

"నాదొక్కటే రాసెయ్. నువ్వు ఇంట్లోనేగా ఉండేది, నీది ఖాళీగా వదిలెయ్" అన్నాడు టీవీ మీంచి కళ్లు తియ్యకుండా. "ఎవరి పేరునుంటే ఏంటి, ఇంటికి మహారాణివి నువ్వేగా!"

ల్యాప్‌టాప్‌లో బ్రిజిడ్ కాగితం ఇంకా తెరిచే ఉంది. అడుగున సంతకం ఆమె మొగుడిది. ఆమె గడి ఖాళీగా వదిలింది అతను. మరి నా సంగతి? వీసా కాగితాలు, బ్యాంకు, స్కూలు, జీపీ డాక్టరు, ఆరేళ్లుగా ప్రతి ఫారంలోనూ నా గడి ఖాళీగా వదిలిన చెయ్యి ఎవరిది? నాదే. ఎవరూ పట్టుకుని రాయించలేదు. ఏడుపు వచ్చింది, వాషింగ్ మెషీన్ ఆగేదాకా ఏడ్చాను.

తర్వాత కళ్లు తుడుచుకుని మొదటి వరసలో ధరణి అని రాశాను. వృత్తి: ఇల్లు నడపడం. అంతకుముందూ, ఇకముందూ, కెమిస్ట్రీ లెక్చరర్. రెండో వరసలో ఆయన పేరు రాసి, ప్రింటు తీసి, కాగితం, పెన్నూ ఆయన ఒళ్లో పెట్టాను. ఎప్పటిలాగే చూడకుండా సంతకం కోసం చోటు వెతుక్కుంటున్నాడు.

టీవీ ఆపేశాను.

"ఈసారి చదివి సంతకం పెట్టండి" అన్నాను.