మడమ మీది రక్తపు చుక్క

రోగిష్టి పసివాణ్ణి చూసి కుళ్లుకునే పెద్దమ్మ ఎక్కడైనా ఉంటుందా? ఉంది. అద్దాల గది బయట మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటోంది.

చెల్లెలి కొడుక్కి రెండో రోజే నర్సు మడమలో సూది గుచ్చి, కార్డు మీద రక్తపు చుక్కలు అద్దుకెళ్లింది. పుట్టుకతోనే రోగాన్ని తట్టుకునే శక్తి లేదని వారంలో తేలింది. జలుబైనా తగలకముందే ఎముక మజ్జ మార్పిడికి ఏర్పాట్లు మొదలయ్యాయి.

అక్క కొడుకు పుట్టినప్పుడు ఈ పరీక్ష లేదు. వాణ్ణి అందరూ చేతులు కడగకుండానే ఎత్తుకుని ముద్దాడారు. ఐదో నెలలో దగ్గుతో పోయాడు. "చల్లగాలికి తిప్పి చంపుకున్నావు" అంది అమ్మ.

"ఇంట్లో పసితనంలో పోయిన మగపిల్లలున్నారా?" డాక్టరమ్మ అడిగింది.

"మా అక్క కొడుకు," అంది చెల్లెలు.

"బహుశా ఇదే జబ్బు. తల్లి నుంచి కొడుకులకి వస్తుంది."

చెల్లెలు బావురుమంది. అమ్మ దాని తల నిమిరింది. "ఊరుకోవే, నా తల్లీ. రక్తంలోనే ఉంటే నీ తప్పేముంది?"

అక్క కుళాయి కట్టేసింది.

"ఆ మాట ఒక్కసారి నావైపు తిరిగి అనమ్మా."