రెండో సమీక్షకుడి బల్ల

పొద్దున తొమ్మిదింటికి గ్రంథాలయం తాళం తీయగానే ఆమె ముందు కిటికీలు తెరుస్తుంది. తర్వాత కంప్యూటర్ ఆన్ చేస్తుంది. అది మేలుకునేలోగా బల్లలు, కుర్చీలు తుడుస్తుంది. ఒంటిగంటకు అందరినీ బయటికి పంపి, తలుపులు మూసి, భోజనాలకు కూర్చుంటారు. ఆ గంటలోనే పుస్తకాలు చోటు మారతాయి. రెండింటికి తలుపు తీసేసరికి తోటపని పుస్తకం వెళ్ళి చట్టాల పక్కన నిలబడి ఉంటుంది, లెక్కల పుస్తకం కిటికీ గట్టెక్కి కూర్చుంటుంది. పొద్దున సగం చదివిపోయినవాళ్ళు వచ్చి "నా పుస్తకమేదమ్మా?" అని ఒకటే గోల. ఏ గ్రంథాలయంలోనైనా ఉండే బాధే అది, వానాకాలంలో గోడలు చెమర్చినట్టు.

ఆ గోల తీర్చడానికే ఆమెను తాత్కాలికంగా పెట్టుకున్నారు. వెతికిపెట్టి ఊరుకుంటే సరిపోయేది. ఆమె ఊరుకునే రకం కాదు. ఏ పుస్తకం ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోయిందో రెండేళ్ళు రాసి పెట్టింది. చివరికి కిటుకు దొరికింది. పుస్తకాలు తమలాంటి పుస్తకాల పక్కకు పోతాయని అందరూ అనుకునేవారు. కాదు. తమ అవసరం ఉన్న మనిషి ఎక్కడ కూర్చుంటాడో అక్కడికి పోతాయి. ఎవరు ఏం అడిగారో, ఎక్కడ కూర్చుంటారో నింపితే, రెండింటికి ఏ పుస్తకం ఎక్కడుంటుందో చెప్పే ప్రోగ్రామ్ ఒకటి సొంతంగా రాసుకుంది. పదిసార్లలో ఎనిమిదిసార్లు అది చెప్పినచోటే ఉండేవి.

తోటివాళ్ళు ఆమెను 'నినాదం' అని పిలిచేవారు. టీ కలుపుతూ కూడా "జ్ఞానం ఎవడబ్బ సొత్తూ కాదు" అనే మనిషిని ఇంకేమని పిలుస్తారు?

కమిటీ అధ్యక్షుడికి ఆ ప్రోగ్రామ్ మీద గురి కుదరలేదు. అలమారలకు ఇనప కడ్డీలు బిగిస్తే పుస్తకాలు కదలవు, వెతికే మనిషితో పనీ ఉండదు, అదీ ఆయన లెక్క. "తెలిసినవాళ్ళెవరైనా చూసి సరే అన్నారా? గ్రంథాలయ సాంకేతికతకు పత్రిక ఒకటుందిగా. నీ వ్యాసం వేసుకుంటామని వాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం పట్టుకురా. ఆరు నెలలు ఆగుతాం" అన్నాడు. ఉత్తరం వస్తే కడ్డీలు ఉండవు, ఆమె ఉద్యోగం ఖాయం. రాకపోతే కడ్డీలు అలమారలకు, ఆమె ఇంటికి.

ఆమె వ్యాసం రాసి పంపింది. పట్టికలు వ్యాసం మధ్యలో కాదు, చివర ఉండాలని తిరిగొచ్చింది. చివర పెట్టి పంపింది. రాసినవాళ్ళెవరో చదివేవాళ్ళకు తెలియకూడదన్నది నియమమనీ, ఫైలు వివరాల్లో ఎక్కడో మూల ఆమె పేరు మిగిలిపోయిందనీ మళ్ళీ తిరిగొచ్చింది. పేరు తుడిచి, ఊరు తుడిచి, గ్రంథాలయాన్ని 'ఒకానొక గ్రంథాలయం' చేసి పంపింది. ఈసారి ఇద్దరు సమీక్షకుల అభిప్రాయాలు వచ్చాయి. మొదటివారు 'బాగుంది' అని ఒక్క ముక్క రాశారు. రెండోవారు నాలుగు పేజీలు రాశారు.

"విను అక్కా," అని ఆ పూట ఇంట్లో చదివింది. "'పుస్తకాలు కదలడం కొత్త సంగతి కాదు. ఎందుకు కదులుతాయన్నది రుజువు కాలేదు. రచయిత ఎన్నడూ గ్రంథాలయంలో కాలుపెట్టినట్టు లేదు.' ఎంత పొగరో చూడు!"

అక్క దర్జీ. నోట్లో సూది పెట్టుకునే అంది, "ఎవరే అంత మాటన్నది?"

"తెలీదు. చెప్పరు. ముసుగులేసుకుని తీర్పులు చెబుతారు. ఈ కోటలన్నీ కూలాలక్కా."

"కూలుద్దువుగానిలే. ముందు ఆ అంచు పట్టుకో, కుట్టు వంకర పోతోంది."

రెండో సమీక్షకుడు అడిగినవన్నీ చేర్చింది. ప్రతి ప్రశ్నకూ జవాబు రాసింది. పళ్ళు కొరుక్కుంటూ 'మీ విలువైన సూచనలకు కృతజ్ఞతలు' అని కూడా రాసి నాలుగోసారి పంపింది. ఆ తర్వాత ఎప్పుడు చూసినా పత్రిక పేజీలో ఒకే మాట: పరిశీలనలో ఉంది. నలభై ఏడు రోజులు అదే మాట.

గడువు రోజు రానే వచ్చింది. మూడింటికి కమిటీ సమావేశం. పొద్దున్నే వడ్రంగి టేపు పట్టుకుని దిగి అలమారలు కొలవడం మొదలుపెట్టాడు. ఆ టేపు సర్రున లోపలికి పోయే చప్పుడు వినలేక ఆమె గ్రంథాలయాధికారి పెద్ద మేడం ముందు అరిచేసింది. "చదవడానికి నలభై ఏడు రోజులా మేడం? అక్షరాలు కూడబలుక్కుని చదివినా ఈపాటికి అయిపోయేది!"

"మెల్లగా," అంది పెద్ద మేడం.

కిటికీ పక్క బల్ల దగ్గర్నుంచి "అమ్మాయ్, ఇది చదువుకునే చోటు" అని వినబడింది. అది మాష్టారి గొంతు. ఎక్కడో పాఠాలు చెప్పి రిటైరయ్యారని వినికిడి. రోజూ పొద్దున వచ్చి, భోజనాల వేళ తప్ప సాయంత్రం దాకా ఆ బల్ల దగ్గరే కూర్చుంటారు. ఎవరినీ ఏ పుస్తకమూ అడగరు.

ఆమెకు ఒళ్ళు మండింది. వ్యాసం అచ్చు తీసి, కుట్టి, అట్ట మీద తన పేరు ఇంత లావున రాసింది. గ్రంథాలయం ఎర్రముద్ర కొట్టింది. నంబరు వేసింది. "వాళ్ళు వేసేదేంటి, నేనే చేర్చుకుంటా" అని గొణుక్కుంటూ తీసుకెళ్ళి అలమారలో పెట్టింది. సమీక్షలో ఉన్న వ్యాసాన్ని పేరుతో సహా నలుగురిలో పెట్టకూడదని ఆమెకు తెలుసు. తెలిసే పెట్టింది.

రెండింటికి తలుపు తీసేసరికి పెట్టినచోట అది లేదు. మాష్టారి బల్ల మీద, ఆయన మోచెయ్యి ఆనించే చోట ఉంది. లోపలికి వచ్చిన ఆయన కూర్చోకుండానే చదవడం మొదలుపెట్టారు.

"ఇది ఎవరిదమ్మా?"

"నాదే మాష్టారూ. ఇలా ఇవ్వండి."

"నీదా?" ఆయన కుర్చీలో కూలబడ్డారు. సంచీలోంచి ఓ కాగితాల కట్ట తీసి పక్కన పెట్టారు. అవే వాక్యాలు, అవే పట్టికలు. పేరు మాత్రం లేదు. మొదటి పేజీ అంచున ఆమెకు కంఠతా వచ్చిన మాటలు పెన్నుతో రాసి ఉన్నాయి.

"మీరా!" గ్రంథాలయమంతా తలెత్తి చూసింది. "నేను గ్రంథాలయంలో కాలుపెట్టలేదా? రోజూ మీరు కూర్చునే ఆ కుర్చీ ఎవరు తుడుస్తున్నారనుకున్నారండీ?"

"పేరు కనబడదు కదమ్మా."

"మరి నలభై ఏడు రోజులేంటి? పొద్దస్తమానం ఇక్కడే కూర్చుంటారే, తీరిక దొరకలేదా?"

మాష్టారు కళ్ళజోడు తీసి పంచెతో తుడిచారు. "తీరిక లేక కాదు. భయమేసింది. పుస్తకం పుస్తకం పక్కకే పోతుందని ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పాను. నువ్వు రాసింది నిజమైతే నేను చెప్పింది తప్పు. అందుకని నువ్వు సరిదిద్ది పంపినదాన్ని విప్పకుండా సంచీలో పెట్టుకుని తిరుగుతున్నాను."

 ఆమెకు ఎన్ని నినాదాలు వచ్చినా ఒక్కటీ అక్కరకు రాలేదు.

"ఇప్పుడు రాసిందెవరో తెలిసిపోయింది," అన్నారాయన లేస్తూ. "ఇక నేను సమీక్షించకూడదు. తప్పుకుంటున్నానని సంపాదకుడికి రాయాలి. వాళ్ళు ఇంకొకరిని వెతుక్కోవాలి. తక్కువలో తక్కువ మూడు నెలలు."

"మూడింటికి కమిటీ మాష్టారూ! మూడు నెలలంటారేంటి?"

"నియమం నియమమే."

ఆమె కంప్యూటర్ ముందే కూర్చుని, రెండు వేళ్ళతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆయన ఆ ఉత్తరం కొట్టారు. ఆ కంప్యూటర్ ఎత్తి నేలకేసి కొట్టాలనిపించింది ఆమెకు. రెండేళ్ళ రాత, నాలుగుసార్ల పంపకం, అంతా నాలుగు లైన్లలో ముగిసిపోయింది. పంపేసి ఆయన పంచె సర్దుకున్నారు.

"సమీక్షకుడికి మొహం ఉండకూడదు. నేనిప్పుడు సమీక్షకుణ్ణి కాను. కమిటీ ఏ గదిలో?"

మేడ మీది గదిలో అధ్యక్షుడు కడ్డీల కాగితం ముందు పెట్టుకుని ఉన్నాడు. "ఉత్తరం తెచ్చావా?"

"తేలేదండీ," అంది ఆమె.

"తేలేదు. పత్రిక తరఫున చదివి ఆపింది నేనే," అన్నారు మాష్టారు. ఆ ఎర్రముద్ర ప్రతిని బల్ల మీద పెట్టారు. "పుస్తకాలు అవసరమైనవాడి దగ్గరికి పోతాయని ఈ అమ్మాయి రాసింది. రుజువు లేదని నేను రాశాను. ఇవాళ భోజనాల వేళ ఇది నా బల్ల మీదికి వచ్చింది. నేను అడగలేదు. చూడాల్సి ఉండీ చూడను అని మొండికేసిన మనిషిని నేనొక్కణ్ణే ఈ ఊళ్ళో. సరిగ్గా నా దగ్గరికే వచ్చింది."

అధ్యక్షుడు ప్రతిని చేతిలోకి తీసుకుని ముద్ర చూశాడు, నంబరు చూశాడు. "దానంతటదే వచ్చిందా?"

"అవును," అంది గుమ్మంలోంచి పెద్ద మేడం. "ఆ గంటసేపూ తాళం చెవి నా దగ్గరే ఉంది."

"ఆపినవారే వచ్చి చెబుతుంటే ఇక ఉత్తరంతో పనేముంది?" కడ్డీల కాగితం అడ్డంగా కొట్టేసి, కింద ఇంకో రెండు లైన్లు రాసి ఆమె వైపు తోశాడు. "ఉద్యోగం కాగితం రేపు తీసుకో. ఆ వడ్రంగిని పొమ్మనండి."

మెట్లు దిగుతూ ఏడవాలో అరవాలో ఆమెకు తేలలేదు. ఆయన్ని క్షమించిందో లేదో కూడా తేలలేదు. సగం మెట్ల మీద మాష్టారు ఆగారు.

"మూడో పట్టికలో మాత్రం తప్పుంది. ఆ ఒక్కటీ నేను ఒప్పుకోను."

"తప్పా? ఎక్కడ?"

"రా, చూపిస్తా."

కిటికీ పక్క బల్ల దగ్గరికి ఆమె ఇంకో కుర్చీ లాగింది. కూర్చుని, ఆయన చేతిలోని పెన్ను లాక్కుంది.