పెద్దమనిషికి లేని అభ్యంగనం

మా గుడిలో దేవుడి తర్వాత ఇన్నారెడ్డి పటేలే. వెటకారం కాదు, దేవుడైనా అప్పుడప్పుడు కాస్త ఓర్చుకుంటాడు గానీ ఇన్నారెడ్డి ఓర్చుకోడు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి కమీషన్ అడ్తి దుకాణం, మెడలో బంగారు గొలుసుకు వేలాడే శిలువ, గుడిలో మొదటి బెంచీ, సరిగ్గా ఫ్యాను కింద సీటు. ఎవరింట బిడ్డకు జ్ఞానస్నానమైనా జ్ఞానతండ్రిగా నిలబడేది ఆయనే. అలాంటి జ్ఞానబిడ్డలు ఇప్పటికి నలభై ఒక్క మంది. వాళ్ళ పేర్లు అడిగితే చెప్పలేడు, ఏ ఫ్లెక్సీలో తన ఫొటో ఎంత పెద్దగా పడిందో మాత్రం చెబుతాడు.

నేను ఆ గుడి ఉపదేశిని, బాలస్వామిని. పిల్లలకూ కొత్తగా వచ్చేవాళ్ళకూ పాఠాలు చెప్పడం, రిజిస్టర్లు రాయడం, గంట కొట్టడం నా పని. ఇరవై రెండేళ్ళుగా ఒకటే పాఠం. జ్ఞానస్నానంతో దేవుడి ఇంట పుడతాం. భద్రమైన అభ్యంగనంలో బిషప్ గారు నుదుట తైలం రాస్తే పవిత్రాత్మ బలం వస్తుంది. సత్ప్రసాదంతో, అంటే పూజలో నోట్లో పెట్టే అప్పంతో, ఆ ఇంటి అన్నం తింటాం. మూడూ అయితేనే ఆ ఇంటి మనిషి పూర్తిగా అయినట్టు. పిల్లలు దీన్ని గడగడా అప్పజెబుతారు, బహుమతిగా సెల్‌ఫోన్ కొనిపించుకుంటారు, మళ్ళీ పెళ్ళికి గానీ గుడి మొహం చూడరు. సంతోషం!

అలాంటి చోటికి మొగిలమ్మ వచ్చింది. కొత్తవాడలో జంపఖానాలు నేసే మనిషి. మొగుడు పోయాక ఆ మగ్గం మీదే కొడుకును చదివించింది. తొమ్మిదేళ్ళ కిందట, గుడిలో నేల మీద పరచడానికి మేం నేయించిన జంపఖానాలు భుజాన వేసుకొని వచ్చి, పూజ నడుస్తోందని ఓ మూల కూర్చుంది. అందరూ సత్ప్రసాదానికి లైన్లో నిలబడితే తనూ నిలబడింది. అప్పటి ఫాదర్ ఆమెను పోల్చుకొని, తల మీద చెయ్యి పెట్టి దీవించి ఉత్తచేతులతో పంపేశారు. పూజ అయ్యీ కాకముందే అందరూ వినేలా అడిగింది.

"అందరికి వెట్టి నాకెందుకు వెట్టలే? నేను మనిషిని గానా?"

మా గుడిలో నలభై ఏళ్ళుగా ఎవరూ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. అందుకే అందరం ఉలిక్కిపడ్డాం. జ్ఞానస్నానం కానివాళ్ళకు పెట్టరమ్మా అని నేనే నచ్చజెప్పాను. "అయితే అది చెయ్యుండ్రి" అంది. ఏడేళ్ళు ఆదివారం తప్పకుండా వచ్చి వెనక కూర్చుంది. ఆ తర్వాత రెండేళ్ళు నా దగ్గర పాఠాలు. చదువు రాదు కాబట్టి నేను చదివితే వినేది, ఇంటికి పోయి మగ్గం మీద కూర్చుని తనలో తాను చెప్పుకునేది.

పెద్దవాళ్ళకు జ్ఞానస్నానమంటే మా గుడి కమిటీ పరీక్ష పెడుతుంది. ఇది పోపుగారు పెట్టిన రూలు కాదు, ఇన్నారెడ్డి పెట్టిన రూలు. మొదటిసారి ఏదో జపంలో ఒక మాట మింగేసిందని ఆమెను తప్పించారు. రెండోసారి ఇన్నారెడ్డి కాలు మీద కాలేసుకొని అడిగాడు.

"భద్రమైన అభ్యంగనమంటే ఏంది?"

"పడుగుకు గంజి వెట్టినట్టు పటేలా," అంది మొగిలమ్మ. "నూలును ఎంత తెల్లగ కడిగినా, గంజి వెట్టకుంటే మగ్గం దెబ్బలకు తెగుతది. కడుగుడు జ్ఞానస్నానం. గంజి వెట్టుడు గిది. దెబ్బలు తినే మనిషికి రెండూ గావాలె."

ఇరవై రెండేళ్ళలో నా నోట అంత మంచి మాట ఒక్కటీ రాలేదు.

"పవిత్రాత్మ బలాన్ని పట్టుకొని గంజి అంటదా!" అని ఇన్నారెడ్డి పకపకా నవ్వాడు. ఆయన నవ్వితే నవ్వడం కమిటీ డ్యూటీ కనుక కమిటీ కూడా నవ్వింది. "ఫెయిల్. వచ్చే యేడు సూద్దాం."

మరి నువ్వేం చేశావయ్యా అని అడగండి. నోరు మూసుకున్నాను. నా జీతం కమిటీ చేతిలో ఉంది మరి. బయటికొచ్చాక మొగిలమ్మ మెట్ల మీద కూలబడి ఏడ్చింది.

"యాభై ఎనిమిదేండ్లొచ్చినయ్ సారూ. ఎవలింటికి వోయినా ఇంత బువ్వ వెడుతరు. గీ ఒక్క ఇంట్లనే వెడుతలేరు."

దేవుడున్నాడా లేడా అని అనుమానపడేవాళ్ళు ఇక్కణ్ణుంచి జర జాగ్రత్తగా వినండి. ఆ నెలలోనే మాకు కొత్త ఫాదర్ వచ్చారు, విజయ్‌కుమార్ గారు. వయసు తక్కువ, రూల్స్ ఎక్కువ. పెంతెకోస్తు పండుగకు బిషప్ గారు వస్తున్నారు. ఆ రోజే ఇన్నారెడ్డి మనవరాలికి జ్ఞానస్నానం, జ్ఞానతండ్రి ఇంకెవరు, తాతే. "జ్ఞానతండ్రిగా నిలబడాలంటే ఆయనకు అభ్యంగనం అయి ఉండాలి కదా సార్. రిజిస్టర్ చూసి సర్టిఫికెట్ రాయండి" అన్నారు ఫాదర్. ఈ మాట ఇన్నాళ్ళూ మాలో ఒక్కరికీ తట్టలేదు. తహసీల్దారును ఆధార్ కార్డు అడిగేదెవరు?

పాత బీరువా తీశాను. అభ్యంగనాల రిజిస్టర్లో 1971 కింద ఆయన ఈడు పిల్లలందరి పేర్లూ ఉన్నాయి. ఇన్నారెడ్డి పేరు లేదు. ముందేడు చూశాను, తర్వాతేడు చూశాను, లేదు. ఇరవై ఏళ్ళుగా ఊరందరికీ పరీక్ష పెట్టిన మనిషికి అభ్యంగనమే కాలేదు!

పోయి చెప్పగానే ఆయన మొహం తెల్లబోయింది. లేచి దుకాణం తలుపు వేశాడు.

"బిషప్ గారు చెంప మీద గొడుతడని చెప్పిన్రు అప్పుడు," అన్నాడు మెల్లగా. నిజమే, పాత పద్ధతిలో తైలం రాశాక చెంప మీద చిన్నగా ఒకటి తట్టేవారు, విశ్వాసం కోసం దెబ్బలు ఓర్చుకోవాలని గుర్తు. "తొమ్మిదేండ్ల పోరణ్ణి. భయమై పత్తి కుప్పల దాసుకున్న. అయిపోయిందని బాపుకు అబద్ధం జెప్పిన."

నవ్వు ఆపుకోవడానికి నేను పడిన పాట్లు ఆ పరలోకానికే తెలియాలి.

"ఒక్క లైన్ బాలస్వామీ," అన్నాడు. "పేజీ కింద ఖాళీ ఉంటది గదా, నా పేరు ఎక్కియ్యి. నీ మొగిలమ్మ పాస్. గీ పెంతెకోస్తుకే. కమిటీ ఫికర్ నువ్వు జెయ్యకు."

ఒప్పుకున్నాను. అవును, ఒప్పుకున్నాను! ఒక్క లైనుతో ఒక మనిషి నోట్లో ముద్ద పడుతుంటే అది పాపమెట్లా అవుతుందని కొత్తవాడ చేరేదాకా నాకు నేనే ప్రసంగం చెప్పుకుంటూ పోయాను.

మొగిలమ్మ మగ్గం మీద ఉంది. "పాసైనవ్ మొగిలమ్మా" అన్నాను. మొహం ఇంత చేసుకుని లేవబోయి, మళ్ళీ కూర్చుంది. "ఫెయిలైనోళ్ళు ఊకెనే ఎట్ల పాసైతరు సారూ?" అంది. నాకు అబద్ధం అతకదు. ఉన్నదంతా చెప్పేశాను.

"ఎనిమిదో ఆజ్ఞ ఏంది సారూ?"

"అబద్ధసాక్ష్యం పలకరాదు," అన్నాను తలొంచుకొని.

"ఇగ? నెలరోజులు గోసవెట్టి నోటికి చెప్పిచ్చిన్రు గదా దాన్ని! దొంగరాత రాసి వెట్టే బువ్వ నాకద్దు. సచ్చేదాంక వెనుకనే కూసుంట." తెగిన పోగు ముడేస్తూ గొంతు తగ్గించింది. "గాయనకు జెప్పుండ్రి, గిప్పుడు చెంప మీద గొడుతలేరని. పాపం, చిన్నప్పటి సంది భయపడుతనే ఉన్నడు."

చెప్పుతో కొట్టినా నాకంత తగిలేది కాదు. నేరుగా ఫాదర్ దగ్గరికి పోయి రిజిస్టర్ ముందు పెట్టాను, ఆయన పేరు లేదని చెప్పాను. పేరు ఎక్కించమన్న సంగతీ, నేను సరేనన్న సంగతీ మాత్రం మింగేశాను. సగం నిజం చెప్పి మొత్తం పుణ్యం కొట్టేయడం మాకు వెన్నతో పెట్టిన విద్య.

ఫాదర్ ఇన్నారెడ్డిని పిలిచి మర్యాదగానే చెప్పారు. "పండుగనాడు పిల్లలతో పాటు మీరూ నిలబడండి. రెండు నిమిషాల పని."

"నలభై ఒక్కమందికి జ్ఞానతండ్రిని, పోరగాండ్ల లైన్ల నిలవడాల్నా? అది లేకనే ఇంత పెద్దమనిషినైన. నాకద్దు!" అని విసవిసా వెళ్ళిపోయాడు. మనవరాలికి జ్ఞానతండ్రిగా వియ్యంకుణ్ణి పెట్టుకున్నాడు. కమిటీ పరీక్ష మాత్రం ఆ రోజుతో రద్దయింది. మొగిలమ్మను ఫాదర్ ఒకే ఒక్క ప్రశ్న అడిగారు, నీకేం కావాలమ్మా అని. "అందరితోని కలిసి తినాలె" అంది. పండుగకు సిద్ధంగా ఉండమన్నారు.

పెంతెకోస్తు ఆదివారం బిషప్ గారు ఆమె తల మీద ముమ్మారు నీళ్ళు పోశారు. నుదుట తైలం రాశారు. మా ఆవిడ అరుణ జ్ఞానతల్లిగా భుజం మీద చెయ్యేసి నిలబడింది. మొగిలమ్మ కొడుకు మహిపాల్ వెనక నిలబడి వీడియో తీశాడు. సత్ప్రసాదం వేళ కాగానే కొత్తవాళ్ళు ముందు రావాలని పిలిచారు. మొగిలమ్మ రెండడుగులు వేసి వెనక్కి చూసింది. నేను గోడ పక్కన కూర్చునే ఉన్నాను. అందరూ చూస్తుండగా నా దగ్గరికి వచ్చేసింది.

"సారూ, లేస్తలేరేంది?"

"నాకియ్యాల లేదు మొగిలమ్మా. దొంగరాతకు సరేనన్న గదా. ఫాదర్ దగ్గర ఒప్పుకోలే ఇంకా." ఒప్పుకోనిదే తినకూడదని ఆమెకు నేర్పిన పంతులును నేనే.

ఆమె చుట్టూ చూసింది. పక్కన తెర కట్టి, పాపాలు ఒప్పుకొని పాపసంకీర్తనం చెప్పుకునే చోట, బిషప్ గారి వెంట వచ్చిన ముసలి ఫాదర్ ఒక్కరే కూర్చుని జపమాల తిప్పుతున్నారు.

"గా ఫాదర్ ఖాళీగనే ఉన్నడు గదా. పోయి జెప్పుకొని రాండ్రి. నేను జాగ వట్టుకుంట."

"ఏందిది మొగిలమ్మా! బిషప్ గారు నీ కోసం సూస్తాండు. తొమ్మిదేండ్లు ఆగినవ్!"

"ఆగుడు నాకు అలవాటే. మీరు పోండ్రి."

పోయాను. ముసలి ఫాదర్ ముందు మోకరించి ఒక్కొక్కటీ కక్కుతూ, తెర పక్క నుంచి చూశాను. మొగిలమ్మ లైనుకు ఓ పక్కగా నిలబడి అందరినీ ముందుకు పంపిస్తోంది. పిల్లలు పోయారు. మా ఆవిడ పోయింది. ఇన్నారెడ్డి చేతులు జోడించుకొని, ఆమె వైపు చూడకుండా వచ్చాడు. "పో పటేలా, పో" అని ఆయనకూ దారిచ్చింది.

నేను తిరిగొచ్చేసరికి లైనంతా అయిపోయి ఆమె ఒక్కతే మిగిలింది. "అయిందా సారూ?" అని అడిగింది. అయిందన్నాను. అప్పుడు నన్ను వెంటబెట్టుకొని పోయి బిషప్ గారి ముందు నోరు తెరిచింది.