చింతగింజల పందెం

"వొదినా, ఒక చెయ్యి తక్కువగా ఉండాది, వచ్చి కూర్చో," అని మణికంఠన్ పిలిచేసరికి లోకేశ్వరి చేతికి ఇంకా దోసెపిండి అంటుకునే ఉంది. ఉప్పళంలోని ఆ ఇంట్లో ఆదివారం మధ్యాహ్నమంటే పేకాటే. భర్త భువనేశ్ ఫోనులో పోకర్ నేర్చుకుని, మేట్టుపాళయం ఫ్యాక్టరీలో తనతో పనిచేసే మణికంఠన్‌కూ తిరుమలైకీ నేర్పాడు. పందేనికి చింతగింజలు. చింతపండు పిసికినప్పుడల్లా వాటిని కడిగి ఎండబెట్టి దాచింది ఆమే.

ఆట ఆమెకు ఎవరూ నేర్పలేదు. టీలు అందిస్తూ చూసి పట్టుకుంది. తిరుమలై ఏమున్నా లేకున్నా ముక్కలు పడేసి తప్పుకోడు. అతన్ని బెదిరించి లాభం లేదు, మంచి ముక్కలు వచ్చేదాకా ఓపిక పట్టాలి. మణికంఠన్ పిరికి. నాలుగు గింజలు ఎక్కువ తోస్తే చేతిలో రాజులున్నా వదిలేసుకుంటాడు. మనిషిని బట్టి ఆడాలని ఆమెకు వేరే చెప్పాలా? అత్త అమ్మాయమ్మ గొంతు పెంచితే తగ్గాలి, ఆడబిడ్డ అలిగితే పొగడాలి. కాపురానికి వచ్చినప్పటినుంచీ చేస్తున్నది అదే. దానికి మాత్రం ఎవరూ ఒక్క గింజా ఇచ్చిన పాపాన పోలేదు.

భువనేశ్‌తో ఆమెకు ఒకటే ఆట. అతను పందెం పెంచితే ఆమె పడేస్తుంది.

ఈసారీ పెంచాడు. ఆమె చేతిలో రెండు తొమ్మిదులున్నాయి.

"వద్దులే లోకూ," అన్నాడు మెత్తగా. "నా కాడ గట్టి ముక్కలుండాయి. నువ్వు ఓడిపోతే నాకు మనసు కష్టం."

ఎప్పుడూ "ఏమే" అని పిలిచే మనిషి లోకూ అంటే ఆమెకు ఒళ్ళు పులకరించేది. ఆ పులకరింతలోనే ముక్కలు పడేసేది. ఇవాళ పిండి సగంలో వదిలి వచ్చిన చిరాకులో గింజలన్నీ తోసేసింది.

"చూపించండి."

అతని చేతిలో జత కూడా లేదు.

తిరుమలై పగలబడి నవ్వాడు. "ఏందప్పా, ఇన్నాళ్ళూ వొదినను ఉత్తచేత్తోనే బెదిరిస్తివా?"

"దాని కాడ ఎప్పుడూ ఇదే ఎత్తు," భువనేశ్ కూడా నవ్వాడు. "లోకూ అంటే చాలు, పడేస్తాది."

ఆమెకు నవ్వు రాలేదు. అమ్మకు జబ్బు చేసినప్పుడు "వచ్చే వారం పోదాం లోకూ" అన్నాడు. ఆ వారం రాకముందే అమ్మ పోయింది. అత్త కాలు విరిగి తను బడి ఉద్యోగం మానేసినప్పుడు "ఒక్క ఏడాదే లోకూ" అన్నాడు. పోయిన వారం ఆ బడి నడిపే తిలకవతి టీచర్ మళ్ళీ ఉద్యోగానికి పిలిచి, "పోయినసారి మాదిరి నడిమధ్యలో మానకుండా మీ ఆయన్ను వచ్చి ఒక మాట చెప్పమను" అంది. "టీచరుతో మాట్లాడేసినా, అంతా సరే లోకూ" అన్నాడు భువనేశ్. రేపే బడికి వెళ్ళాలి.

టీ పెడతానని లేచి, వంటింట్లోంచి టీచరుకు ఫోన్ చేసింది.

"మీ ఆయన బుధవారమే వచ్చినాడు కదమ్మా. నీకు ఇష్టం లేదనె. వేరే అమ్మాయిని పెట్టేసుకుంటిమి."

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. ఆమె కదల్లేదు. ఉద్యోగం పోయినందుకు ఏడ్చింది. అంతకన్నా లోకూ అన్న ఆ పేరు కోసం ఏడ్చింది. ఆ ఇంట్లో తనకంటూ ఉన్నది అదొక్కటే అనుకుంది, పిచ్చిది.

"లోకూ, టీ యాడ?"

ముఖం కడుక్కుని, వట్టి చేతులతో వచ్చి చాప మీద కూర్చుంది.

"పంచండి," అంది భర్తతో. "మీ చెయ్యి చూడకుండా ఇంక నేను పడేసేది లేదు. నా పేరు లోకేశ్వరి."