పుల్లమ్మ వార్త రాసిందెవరు?

పెసరట్టు తిరగేస్తుండగా స్టవ్ పక్కన ఒక కాయితం వచ్చి పడింది.

"పదకొండింటికల్లా పత్రిక డెస్క్ వాళ్లకి పంపాలి. నువ్వు నింపిపెట్టు, నేను సంతకం పెడతా," అన్నాడు సతీష్‌బాబు.

జగ్గయ్యపేటలో ఆ పత్రికకి విలేకరి అతనే. కార్డు అతనిది, బండి మీద ప్రెస్ స్టిక్కరు అతనిది. వార్తలు రాసేది మాత్రం భార్య రాజ్యశ్రీ. తొమ్మిదేళ్లుగా ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో ఫోను.

నిన్న నందిగామలో విలేకరులకి శిక్షణ పెట్టారు, ఏఐతో వార్తలు రాయించుకుంటే ఏది తప్పు, ఏది ఒప్పు అని. వచ్చీ రాగానే ఒకటే సంబరంగా చెప్పాడు. "ఆమనిగారని, విజయవాడ నుంచి వచ్చిందిలే. మన పుల్లమ్మ వార్త తెర మీద వేసి, ఇలా మనిషే రాయగలడు, మెషిన్ వల్ల కాదు అంది. అందరూ చప్పట్లు. లేచి దణ్ణం పెట్టా."

మన పుల్లమ్మట! చిల్లకల్లు హైవే పక్కన పొత్తులు కాల్చి అమ్మే ఆ మనిషి మొహం కూడా ఈ మహానుభావుడు ఎరగడు. బస్సెక్కి వెళ్లి, పొగలో ఆమె పక్కన మూడు గంటలు కూర్చున్నది రాజ్యశ్రీ. "ఎండ పర్లేదమ్మా, లారీల హారన్లకే చెవులు పోయినయ్యి," అని ఆమె అంటే రాసుకున్నదీ రాజ్యశ్రీయే. ఆ పూట వంట ఆలస్యమైందని అత్తగారు సీతారావమ్మ, "మొగుడికి నాలుగు ముక్కలు రాసిపెట్టడానికి ఊళ్లు తిరగాలా?" అని దెప్పింది.

చెయ్యి తుడుచుకుని కాయితం చూసింది. పుల్లమ్మ వార్త గురించే ప్రశ్నలన్నీ. కృత్రిమ మేధ సాయం తీసుకున్నారా? స్వయంగా వెళ్లి చూసిందెవరు? రాసిందెవరు? కింద అచ్చులో, పాఠకుల దగ్గర ఇది దాచకూడదు అని ఉంది.

రాజ్యశ్రీకి ఒళ్లు మండిపోయింది. మెషిన్ రాస్తే చెప్పి తీరాలట. పెళ్లాం రాస్తే చెప్పక్కర్లేదు కాబోలు. ఫలానాది కావాలని ఒక మాట పడేస్తే పేరాలకి పేరాలు రాసిచ్చి, పేరు అడక్కుండా ఇన్నేళ్లు పడున్నది తనే కదా. మెషిన్‌కిచ్చే పాటి మర్యాద కూడా తనకి లేకపోయింది.

నిజం రాస్తే అతని కార్డు పోవచ్చు. ఇంట్లో రభస ఎటూ తప్పదు. ఆ భయంతో పెన్ను కాసేపు ఆగింది. కానీ ఈ వార్త తను రాయలేదన్న అబద్ధాన్ని కూడా తన చేతే రాయిస్తున్నాడు. అందుకు మాత్రం ఆమెకి చెయ్యి రాలేదు.

స్టవ్ కట్టేసింది. మూడు జవాబులూ రాసి, ఫోటో తీసి డెస్క్‌కి పంపింది.

"నింపావా? ఇటు తే, సంతకం పెడతా," అంటూ సతీష్‌బాబు పెన్ను తీసుకుని వచ్చాడు.

"అక్కర్లేదండి. పెట్టి పంపేసా."

"నా సంతకం నువ్వు పెట్టావా?"

"మీదెందుకు పెడతాను? రాసినవాళ్లే పెట్టాలంట."