నూఱు రూపాయల కోత

ఫాల్గుణపౌర్ణమికి ముందుదినములలో రాజధానీనగరమందలి బూరుగుచెట్లన్నియు పత్రరహితములై అరుణకుసుమసహస్రములు దాల్చి వీథుల కిరువంకల దివిటీలు పట్టి నిలిచిన ట్లుండ, శీతవాయువు తొలగియు నిదాఘతాప మింకను రాక పగటివేళ సుఖోష్ణమై సకలజనులకు భోజనానంతరనిద్ర నాపాదించుచుండ, ఉన్నతస్తంభపంక్తివిరాజితమగు పార్లమెంటుసభామందిరమున ఆ సంవత్సరపు బడ్జెట్టు చర్చ సాగుచుండెను. బడ్జెట్టు చర్చ యనగానే అదియేదో మహాసంగ్రామమని చదువరులు తలంతురు గాబోలు! నిజము చెప్పవలెనన్న మధ్యాహ్నము తిరిగిన పిదప సభలో సగముమందికి అది జోలపాట.

ఆ సభామందిరమున వెనుకవరుస నొకమూల కూర్చుండి తనవంతునకై వేచియున్న యువతి ప్రతిపక్షసభ్యురాలగు చింతాడ అప్పలనరసమ్మ. కళింగసీమసముద్రతీరమున ఉప్పుమళ్ల నడుమ బుట్టి తల్లి ఉప్పు పోగుచేయుచుండ గట్టుమీద నాడుకొని పెరిగి చదువు చెప్పు పంతులమ్మయై తుదకు జనుల యభిమానమున ప్రథమపర్యాయము సభకు వచ్చిన దామె. ఉప్పు పండించువారికి ఎండలే పంటకాలము. వానలు మొదలయ్యెనా మళ్లన్నియు నీట మునుగును పని యుండదు పొయ్యిలో పిల్లి లేవదు. అందులకై ఆ నెలలలో ఇంటింటికి బియ్యమిచ్చు ధర్మ మొకటి చిరకాలముగ నడచుచుండగా ఈయేటి బడ్జెట్టులో దానిని చడిచప్పుడు లేక తుడిచివైచిరి. బియ్యము రాకున్న పల్లెలకు పల్లెలే పిల్లాపాపలతో పట్టణములకు వలసపోవలసినదే. దానిని మరల దెచ్చెదనని తనవారికి మాట యిచ్చి రైలెక్కినది నరసమ్మ.

ఆ సభకు వింతయాచార మొకటి గలదు. మంత్రి యడిగిన పద్దుమీద కినుక గలవారు అందులో నూఱు రూపాయలు తగ్గింపవలెనని కోతతీర్మానము పెట్టుదురు. కోట్లకు కోట్లు గల ఖజానాలో నూఱు తగ్గినంతమాత్రమున చీమ కుట్టినట్లైన నుండదు. మా మొఱ యొకపరి యాలకింపుడని తలుపు తట్టుటయే దాని యాంతర్యము. కాని పొరపాటున నా తీర్మానము గెలిచెనా మంత్రియందు సభకు నమ్మకము పోయిన ట్లెంచుదురు గావున ప్రభుత్వము మూటాముల్లె సర్దుకొనవలసినదే! అందుచేత అది యెన్నడును గెలిచిన పాపాన బోలేదు.

నరసమ్మ తనవంతు రాగానే లేచి తనవారి కష్టమంతయు విన్నవించెను. ఏమి లాభము? కొందఱు కునుకుచుండిరి, కొందఱు గుసగుసలాడుచుండిరి, ఆర్థికమంత్రి దేవదత్త మహాజనుడు వెనుకకు దిరిగి యెవ్వరితోనో మంతనములాడుచుండెను. చెవిటివానిముందు శంఖ మూదినట్లాయెను. ఆమె కన్నీరు గ్రుక్కుకొని కూర్చుండెను.

ఇంక నోటిమాటతో సభాభిప్రాయ మడుగు ఘట్టము వచ్చెను. ఉదయమాదిగ ప్రభుత్వపుపద్దు లొకటివెంట నొకటి వచ్చుచుండ పాలకపక్షమువారు ప్రతిదానికిని ఔనని ఔనని గంగిరెద్దులవలె తలలూచి యలవాటుపడియుండిరి. సభాధ్యక్షుడు "ఈ కోతతీర్మానమునకు అనుకూలు రౌననుడు" అని పలుకగానే ఆ మహానుభావులు అరమోడ్పుకన్నులైన విప్పక ముక్తకంఠమున "ఔను!" అనిరి. "ప్రతికూలురు కాదనుడు" అన్నంతట సభలో ఈగ వాలిన చప్పుడైన లేదు. హరిహరీ! ఎద్దు ఈనెనన్న దూడను గాట గట్టుమనెడివారిని గూర్చి విన్నాము గాని, తమ గద్దెను తామే పడద్రోసికొనువారిని కన్నులార జూచుట అదియే మొదలు.

"అనుకూలురదే పైచేయిగ... తోచుచున్నది" అని అధ్యక్షుడు నసిగెను. ఆ మాట ఆయన మరియొకమాఱు పలికెనా అదియే తీర్పు. ప్రతిపక్షమువారు బల్లలు చఱచి గంతులు వేసిరి. పాలకపక్షపు కునుకులన్నియు ఎగిరిపోయెను. తల లెక్కించి వోటు వేయింతమన్నను హోళీపండుగకని వారిలో సగముమంది ఇండ్లకు బోయియుండిరి. మంత్రి మొగమున నెత్తురుచుక్క లేదు.

అంతట నతడు చేతులు జోడించి లేచెను. "అధ్యక్షా! సభ్యురాలు పలికినది నేను వినలేదు. వినకుండుట నా తప్పు. ఆమె మరల సెలవిచ్చిన చెవియొగ్గి వినెదను."

తీర్మానము పెట్టినవారే దానిని వెనుకకు దీసికొనవచ్చును గావున గెలుపోటములు ఆమె మాటమీద వ్రేలాడుచుండ సభ యంతయు గప్‌చుప్పై యామెవంక దిరిగెను. నరసమ్మ లేచెను.

"అధ్యక్షా! మా యుప్పు తినని నోరు ఈ సభలో లేదు. వానకాలమున మా వాకిట ఉప్పునీరు తప్ప గంజినీ రుండదు. మేము బిచ్చ మడుగుట లేదు. పని యున్న దినములలో పాదములు పుండ్లుపడ పని చేసినవారము, పని లేని దినములలో పిల్లలతో ఊరు విడువకుండునట్లు చూడుడని యడుగుచున్నాము."

మంత్రి పద్దుల పుస్తకము తెఱచి చూచెను. "చిన్నపద్దని చూడకయే కొట్టివైచితిని. వానలు రాకమున్నే ఆ బియ్యము మరల నిత్తునని సభాముఖమున మాట యిచ్చుచున్నాను. తీర్మానము నుపసంహరింపుమని వేడెదను."

అంతలో ప్రతిపక్షనాయకుడగు పొట్నూరు కూర్మనాథము ఆమెచెంతకు వచ్చెను. తల నెరసినను మంత్రిపదవి యెఱుగనివాడు, ఆమెను బిడ్డగ జేరదీసి సీటిచ్చి నిలిపినవాడు. "నరసమ్మా! నక్కతోక త్రొక్కి వచ్చితివి తల్లీ! నోటికాడి కూడు నేలపాలు చేయకుము. ఒక్క గడియ యోర్చుకొన్న రాజ్యము మనది. అప్పుడు మనమే యిత్తము బియ్యము."

"బాబాయిగారూ! ప్రభుత్వము పడును. మరల ఎన్నికలు రావలెను, మనము గెలువవలెను, గద్దె యెక్కవలెను. అంతదాక వాన యాగునా?"

చేయిపట్టి నడిపించిన పెద్దవాని జీవితకాలపు కోరికను తానే కాలదన్నుచున్నానని తెలిసియే నరసమ్మ అధ్యక్షునివంక దిరిగి "నా తీర్మానము నుపసంహరించుకొనెదను" అని పలికెను.

ఐనను కథ యంతటితో ముగియలేదు. ఉపసంహరణకు సభ యంతయు సమ్మతింపవలెను. ఒక్కగొంతు వలదన్నను చెల్లదు. "సభవారికి సమ్మతమేనా?" యని అధ్యక్షు డడుగగానే అందఱికన్నులును కూర్మనాథముమీద వాలెను. ఆయన ఎదుటివరుసలోని మంత్రుల పీఠములవంక నొకమాఱు చూచెను. గడ్డము నిమురుకొనెను. నరసమ్మ తలవంచి చీరకొంగు వ్రేలికి జుట్టుకొనుచు నిలిచియుండెను.

"సమ్మతమే" అని కూర్మనాథము గట్టిగ పలికి కూర్చుండి కండువాతో మొగము తుడుచుకొనెను. ముందుగ మంత్రియే లేచి యాయనకు నమస్కరించెను.

ఆ సాయంకాలము నరసమ్మ తన పల్లెలో ఉప్పుపని చేయు వదిన పైడితల్లికి ఫోను చేసెను. "వదినా! బియ్యము వచ్చును" అనెను. అవతలినుండి, "ఐతే మా పెద్దదాని పేరు బడిలో కొట్టివేయింప నక్కఱలేదన్నమాటయేనా?" యని పైడితల్లి గొంతు వినవచ్చెను. "అక్కఱలేదు వదినా, చదువుకొననిమ్ము" అని చెప్పి నరసమ్మ అప్పుడు మాత్రము వెక్కివెక్కి యేడ్చెను.

రాజ్యములు నిలుచుచుండును పడుచుండును, వాని లెక్కలు చరిత్రకారులు చూచుకొందురు. ఆయేటి వానకాలమున మాత్రము ఉప్పుమళ్ల పల్లెలలో ఏ యింటితలుపునకును తాళము పడలేదు.